చెరకుబండి మీద సోలా టోపీ

మా ఇంటివాళ్ళు చెరకుబండి ఎక్కరు. ఈ యాత్ర గురించి చదవబోయేవారికి ఈ సంగతి ముందే తెలియాలి. లేకపోతే బోధన్‌లో జరిగినదాంట్లో అంత విశేషమేముందని అనుకుంటారు.

మా ముత్తాత ఓడ దిగి ఈ మారిషస్ దీవిలో పరాయివాళ్ళ తోటల్లో చెరకు నరికాడు. మా తాత అప్పన్నగారు ఆ తోటల్లోనే ఎనభై ఎకరాలు సంపాదించి, పన్నెండు స్తంభాల వరండాతో రాతి ఇల్లు కట్టించారు. "బండి మీంచి దిగడానికి మనకు రెండు తరాలు పట్టింది. మళ్ళీ ఎక్కకండి" అని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ వేశారు. ఒకసారి ఆయన గుర్రపుబగ్గీ ఇరుసు విరిగింది. మిల్లులో చెరకు దింపి ఇంటికే పోతున్న తన సొంత బండి ఖాళీగా ఎదురుగా ఉన్నా, దాని వెనకాలే నాలుగు మైళ్ళు నడిచి వచ్చారు. యజమాని నడుస్తుంటే తాను కూర్చోలేక బండివాడూ దిగి నడిచాడు. ముందు మనిషి లేని బండి, వెనక బండి ఎక్కని ఇద్దరు మనుషులు. ఆ దృశ్యం మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తరవాత ఒక గాలివాన, దాని వెనక దాయాదుల వ్యాజ్యం ఆ ఎనభై ఎకరాలనూ తీసుకుపోయాయి. నా వంతుకు మిగిలినవి ఇల్లు, ఇంటి పేరు, దొరల్లా ఎండకు పెట్టుకునే తాతగారి తెల్ల సోలా టోపీ, నిటారుగా నిలబడే అలవాటు.

ఆ టోపీ పెట్టుకునే హైదరాబాదు వెళ్ళి మూడేళ్ళు చదివాను. బి.ఏ. చివరి పరీక్ష రాసి హాస్టలుకు వచ్చేసరికి రెండు ఉత్తరాలు ఉన్నాయి. మొదటిది మా ఊరి చక్కెర మిల్లు నుంచి. వచ్చే సీజనుకు కాంటా దగ్గర, అంటే చెరకుబండ్లు తూచే చోట, గుమాస్తాగా చేరతావా, బొంబాయిలో ఓడ ఎక్కేలోపు తంతి ద్వారా తెలుపు అని. రెండోది నాన్నగారిది. "నీ ఇష్టం. సీజను నాటికి ఇంట్లో ఒక్క జీతమైనా లేకపోతే ఇల్లు మిల్లు ఓవర్సీర్ల వసతికి ఇచ్చేయవలసి ఉంటుంది."

తాతగారు జీవితమంతా పోట్లాడింది ఆ కాంటా గుమాస్తాతోనే. ఆ మనిషి కాంటా ముందు వంగి, కింద నుంచి చూసి, ప్రతి బండికీ కొంత తగ్గించి చెప్పేవాడట. "వాడికి వెన్నెముక లేదు" అనేవారు తాతగారు. ఆ వెన్నెముక లేనివాడి పీట మీద అప్పన్నగారి మనవడు కూర్చోవాలా? ఆ రోజే తిరస్కరిస్తూ తంతి రాసి పెట్టుకున్నాను. ముప్ఫై నాలుగు మాటలు. అందులో "వంశం" అన్న మాట రెండుసార్లు వచ్చింది.

నా గదిలోనే ఉండే గంగారెడ్డి దాన్ని చదివి తల పట్టుకున్నాడు.

"గింత పొడుగు తార్ ఇయ్యాల్నంటే మా బర్రెను అమ్మాలె. ఓడకు ఇంక మూడు వారాలున్నది గద? మా ఎడపల్లికి రా. చెరకు జూద్దువు, పోలెలు తిందువు. తార్ జేబుల ఉంటది, యాడికి పోతది?"

చెరకు గురించి నాకు కొత్తగా చూపించగలిగేది ఏదీ అక్కడ ఉండదన్న ధీమాతో ఒప్పుకున్నాను.

రైలులో

గంగారెడ్డీ నేనూ కాచిగూడలో ఎక్కిన చిన్న రైలు నిజామాబాద్ దాటి మన్మాడ్ దాకా పోతుంది. తొందర మాత్రం దానికి ఎక్కడా లేదు. నా పక్కన మోర్తాడ్ రైతు ఒకాయన కూర్చున్నాడు. అది పసుపు పండే ప్రాంతమట. ఆ మాట ఆయన చెప్పక్కర్లేదు. వేళ్ళు పసుపు, పంచె అంచు పసుపు, ఆయన చూపించిన టికెట్టూ పసుపు.

"ఏ ఊరు సార్ మీది?"

"మారిషస్."

"గది మన్మాడ్ అవుతలనా?"

"సముద్రం అవతల."

ఆయన కాస్త ఆలోచించాడు. "అయితే మన్మాడ్ల బండి మారాలె."

అది నిజమే కాబట్టి నేను కాదనలేదు. ఆయన మూట విప్పి జొన్నరొట్టె, ఎర్రకారం తొక్కు నా చేతిలో పెట్టాడు. మన దీవిలో పరిచయం లేనివాడు తిండి పెడితే ముందు పేరు అడుగుతాం, తరవాత వద్దంటాం, మూడోసారి తీసుకుంటాం. ఇక్కడ వద్దనడానికి వ్యవధి ఇవ్వరు. "తిను, తిను, సల్లారుతది" అంటాడు. రొట్టె పొద్దున చేసింది, ఎప్పుడో చల్లారింది. కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఆయన, ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తున్నాననుకుని, మోకాలి మీద తట్టి ఓదార్చాడు. నిజామాబాద్‌లో దిగేసరికి నా తెల్ల పంట్లాము మీద ఐదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. ఉతికినా పోలేదు. ఇంటికి వచ్చాక మా అమ్మ ఉతికినా పోలేదు.

నిజామాబాద్

ఇరానీ హోటల్లో చాయ్ పదిహేను పైసలు. నా ఎదుట కూర్చున్న పెద్దమనిషి చాయ్ సాసరులో పోసుకుని, కళ్ళు మూసుకుని, చప్పుడుతో తాగాడు. నేను కప్పుతోనే తాగాను. మన దీవిలో టీలో వెనిలా వేస్తారు కదా, ఆ అలవాటుకొద్దీ వెనిలా ఉందా అని అడిగాను. సర్వరు నా టోపీ వంకా నా వంకా చూసి, "గది దవాఖానల దొరుకుతది సార్" అన్నాడు.

మర్నాడు గంగారెడ్డి పసుపు మార్కెట్టు చూపించాడు. మనిషెత్తు కుప్పలు, వాటి మధ్య తుమ్ముతూ బేరమాడే జనం. నేను లోపలికి అడుగుపెట్టగానే ఒక్కొక్కరే లేచి నిలబడటం మొదలుపెట్టారు. ఒక వ్యాపారి తన కుర్చీ తుడిచి నాకు వేశాడు. ఇంకొకాయన తానే కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చాడు. హైదరాబాదులో మూడేళ్ళలో ఎవరూ చూపని మర్యాద. పాత కుటుంబాలను గుర్తుపట్టే కన్ను చిన్న పట్టణాల్లో ఇంకా మిగిలి ఉందని సంతోషించాను.

ఒక ముసలాయన చేతులు జోడించాడు. "మా గల్లీకి ఇంక రాలేదు సార్."

ఏమి రాలేదో నాకు తెలియదు. కానీ అంత నమ్మకంతో అడిగిన మనిషిని వట్టి చేతులతో పంపడం మా ఇంటి పద్ధతి కాదు. "వస్తుంది. అందరికీ వస్తుంది" అన్నాను.

"జల్ది పంపుండ్రి సార్, రాత్రి నిద్ర లేదు" అన్నాడు.

"తప్పకుండా" అన్నాను. గంగారెడ్డికి దగ్గు వచ్చింది. పసుపు పొడి వల్ల అనుకున్నాను.

ఎడపల్లి

ఉగాది పొద్దున ఎడపల్లి చేరాం. గంగారెడ్డి ఇంటి వాకిట్లో వాళ్ళమ్మ రాజవ్వ ముగ్గు వేస్తోంది. ఆ పక్క మనుషులు కన్నతల్లినే అవ్వ అని పిలుస్తారు. ఆమె తలెత్తి నన్ను చూసింది. ముగ్గు బుట్ట అక్కడే పెట్టేసి గబగబా లోపలికి పోయింది. అతిథికి హారతి తేవడానికి అనుకుని టోపీ సరిచేసుకుని నిలబడ్డాను.

ఆమె బియ్యం కుండతో బయటికి వచ్చింది. దాన్ని వాకిట్లో పెట్టి మళ్ళీ లోపలికి పోయి పప్పు కుండ తెచ్చింది. తరవాత చెంబులు, మంచం మీది బొంత. పక్కింటావిడ గోడ మీదుగా చూసి, "ఓ, అచ్చిండ్రా?" అని తన ఇంట్లోంచీ కుండలు మోయడం మొదలుపెట్టింది. పండగ పూట వీధిలో మూడిళ్ళ సామాను బయటపడింది.

"అవ్వా, ఆగే! దోమల సారు గాదే! నా దోస్తు!" అని గంగారెడ్డి అరిచాడు.

దోమల మందు కొట్టే సర్కారు ఉద్యోగి ఆ జిల్లాలో ఇలాంటి టోపీయే పెట్టుకుని తిరుగుతాడట. ఆయన వస్తే మందు పడకుండా తినే సామానంతా బయట పెట్టుకోవాలి. పసుపు మార్కెట్టులో నాకు దక్కిన కుర్చీ, నీళ్ళు, నమస్కారాలు అన్నీ ఆయనవే.

"నిన్న మార్కెట్లనే నీకు తెలుసు గదా? ఎందుకు చెప్పలేదు?" అని గంగారెడ్డిని నిలదీశాను. అప్పటికే వాడి భాష నాకు అంటుకుంటోంది.

"నువ్వు గంత కుషీగ ఉంటివి. ఎట్ల జెప్పాలె?"

భోజనానికి పోలెలు పెట్టారు. చూడటానికి అచ్చంగా మనం ఊరగాయతో తినే దాల్‌పూరీ. అదే శనగపప్పు, అదే పలచన. నేను ఊరగాయ అడిగి, దాంట్లో చుట్టి కొరికాను. నోట్లో బెల్లం, మామిడికారం ఒక్కసారే కలిశాయి. పెట్టినది వదిలేయడం మర్యాద కాదు కాబట్టి మొహం కదలనివ్వకుండా రెండు తిన్నాను. ఇంటిల్లిపాదీ తినడం మానేసి నన్ను చూస్తున్నారు.

"తిననియ్యిరా. సముద్రం అవుతల గట్లనే తింటరేమో" అంది రాజవ్వ.

మర్నాడు పొద్దున వంటింటి గడప దగ్గర గంగారెడ్డి బాపు, అంటే వాళ్ళ నాన్న, నిన్నటి పోలెను ఊరగాయతో చాటుగా తింటూ నా కంటపడ్డాడు. "మంచిగనే ఉన్నది" అన్నాడు.

ఆయనే నన్ను చెరకు తోటకు తీసుకుపోయాడు. ఇక్కడైనా నా మాట చెల్లుతుందని, మన దీవిలో ఒకసారి నాటితే ఏడేళ్ళు కోస్తామని చెప్పాను. ఆయన మెచ్చుకోలుగా తల ఊపి, "మీ చెరకుకు ఓపిక ఎక్కువ" అని ఒక గడ విరిచి నాకిచ్చాడు. నేను తీసుకోలేదు. మా ఇంట్లో చెరకు అమ్మడానికే గాని పళ్ళతో చీల్చుకోవడానికి కాదు. తప్పనిసరైతే చాకుతో ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టుకుంటాం. చాకు, పళ్ళెం ఉన్నాయా అని అడిగాను.

ఇంటికి వచ్చాక రాజవ్వ చెరకు ముక్కల పళ్ళెం నా ముందు పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "పండ్లు లెవ్వా బిడ్డా? గింత సిన్న వయసుల?"

బోధన్

బోధన్ ఊరు కనిపించకముందే దాని వాసన బస్సులోకి వచ్చింది. మరుగుతున్న బెల్లపు పానకం వాసన. కళ్ళు మూసుకుంటే మా ఊరే. నా చేయి దానంతటదే జేబులోని తంతి కాగితం మీదికి పోయింది. ఆ ఉదయం కూడా దాన్ని దిద్దాను. "గౌరవం" అన్న మాట చేర్చడంతో ముప్ఫై ఐదయింది. నిజామాబాద్‌కు తిరిగి వెళ్ళగానే పంపేయాలని నిశ్చయం. పంపితే ఇల్లు పోతుందని తెలుసు. పంపకపోతే తాతగారు పోతారనిపించేది, ఆయన పోయి పదేళ్ళయినా.

ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడవునా మైలు దూరం చెరకుబండ్లు నిలబడి ఉన్నాయి. సీజను ఆఖరు. ఎల్లుండి నుంచి గానుగ ఆడదు. అందరూ ఒక్కసారే కోసి తెచ్చారు. బండ్ల కింద పొయ్యిలు, అంబలి గిన్నెలు, పడుకున్న మనుషులు. గంగారెడ్డి లోపల పనిచేసే చుట్టాన్ని చూసి, ఫ్యాక్టరీ చూడటానికి అనుమతి తెస్తానని బయల్దేరాడు.

"ఈడనే ఉండు. ఏం ముట్టకు. ఎవ్వలకు ఏం మాట ఇయ్యకు" అని మరీ చెప్పి పోయాడు.

నేను ఒక వేపచెట్టు నీడలో నిలబడ్డాను.

"ఓ టోపీ! గిటు రా."

వెనక్కు తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు.

"నిన్నే కొడుకా!" చెరకుబండి పక్కన ఒక ముసలామె నడుముకు కొంగు బిగిస్తోంది. "జెర గీ బండెక్కి కూసో. నా ఎద్దు తలుగు తెంపుకొని ఉరికింది. పట్టుకొని గిప్పుడే అస్త."

ఆమె పేరు లస్మవ్వ. చందూర్ నుంచి కొడుకుతో వచ్చిందట. కొడుక్కి జ్వరం తగిలితే నిన్న ఇంటికి పంపేసి తానొక్కతే వరుసలో ఉంది. బండి పక్కన నిలబడి కాపలా కాస్తాను, ఎక్కడం మాత్రం కుదరదు అన్నాను.

"ఖాలీ నిలబడితే నడవదు సాహెబ్" అన్నాడు వెనక బండివాడు. మహారాష్ట్ర సరిహద్దు ఊరివాడు, పేరు మారుతి, తలకు ఎర్ర పాగా. "బండి మీద మనిషి ఉంటెనే వరుస. మనిషి లేకుంటె నా బండి ముందుకు." అప్పటికే వాడు కాడి ఎత్తుతున్నాడు.

అక్కడి కట్టుబాటు అది. బండి మీద మనిషి కూర్చుని ఉన్నంతవరకూ దాని చోటును ఎవరూ ముట్టరు. దిగిపోతే వెనకవాడు దాటిపోవచ్చు.

"కొడుకా, గియ్యాల తూగకుంటె మల్ల వరుస ఆఖరుకు పోవాలె. ఎల్లుండి బంద్. గీ చెరకు ఎండి పొయ్యిల కట్టెలైతది. ఏడాది పంట బిడ్డా."

తాతగారు నాలుగు మైళ్ళు నడిచిన మాట నిజమే. కానీ ఆయనకు ఆ దారిలో లస్మవ్వ ఎదురుకాలేదు.

ఎక్కడం కూడా నాకు చేతకాలేదు. చక్రం మీద కాలు పెట్టి, గడలు పట్టుకుంటే అవి ఊడి చేతికి వచ్చాయి. చివరికి లస్మవ్వ భుజం ఆనించి కింద నుంచి తోసింది. పైకి చేరి, టోపీ సరిచేసుకుని, నడుము నిలబెట్టి కూర్చున్నాను.

"నువ్వు వచ్చేదాకా దిగను. ఇది అప్పన్నగారి మనవడి మాట" అన్నాను.

"ఎవలదో ఒకలది. దిగకు" అని ఆమె ఎద్దు పోయిన దిక్కుకు పరుగెత్తింది.

పావుగంటలో వరుస కదిలింది. నా బండికి ఉన్నది ఒక్క ఎద్దు. బతికిపోయాను, మారుతి దాటిపోతాడు, నేను దిగవచ్చు అనుకున్నాను. కానీ ఆ కట్టుకు రెండో సగం ఉంది. మనిషి ఉన్న బండి కదలలేకపోతే వెనకవాడే తోయాలి; తోస్తున్నంతసేపూ అతని చోటుకూ ఢోకా లేదు.

"తొయ్యి మారుతి, తొయ్యి! టోపీ దొరకు ఎండ తాకుతున్నది" అని వరుసంతా ఒకటే నవ్వు. మారుతి పాగా బిగించి, భుజం ఆనించి, మరాఠీలో ఏదో అంటూ తోశాడు. నాకు మరాఠీ రాదు. అయినా చాలావరకు అర్థమైంది.

గంగారెడ్డి అనుమతి కాగితంతో తిరిగి వచ్చి, నన్ను చూసి, రోడ్డు మీద అలాగే కూర్చుండిపోయి నవ్వాడు. నువ్వు ఎక్కి నన్ను దించు అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకోలేదు. బండి గలవాళ్ళు ఎక్కించినవాడే కూర్చోవాలి. వాళ్ళలో వాళ్ళు మారడం మొదలుపెడితే వరుసలో చోట్లు సంతలో సరుకవుతాయి.

"మీ తాత జూస్తే ఏమంటడు?" అన్నాడు గంగారెడ్డి.

"మాట్లాడకు. తొయ్యి."

అలా మధ్యాహ్నమంతా ఇద్దరు తోయగా నేను ప్రయాణించాను. అంతకన్న నెమ్మదైన వాహనం ఇంతవరకూ ఎక్కలేదు. పై నుంచి చూస్తే ఒకవైపు గొట్టం పొగ, ఇంకొకవైపు కోసేసిన తోటలు. ఎవరో నీళ్ళ చెంబు అందించారు. ఎవరో ఉడికించిన శనగ గుడాలు ఆకులో పెట్టి పైకి విసిరారు. ఒకాయన కింద నుంచి అడిగాడు, "సార్, మా ఊరికి దోమల మందు ఎప్పుడు?"

"నేను దోమల సారును కాను."

"మరి ఎవలు?"

మామూలుగా ఈ ప్రశ్నకు నా జవాబు పన్నెండు స్తంభాల దగ్గర మొదలవుతుంది. బండి మీద కూర్చుని స్తంభాల సంగతి చెప్పబుద్ధి కాలేదు. "చెరకు నరికినవాళ్ళ ముని మనవణ్ణి" అన్నాను. ఆ మాట బయట ఎవరితోనైనా అనడం అదే మొదలు.

"గట్ల జెప్పు మరి!" అన్నాడు ఆయన. మారుతి చెమట తుడుచుకుని తన బండిలోంచి ఒక గడ లాగి, "ఘ్యా సాహెబ్" అని నాకు అందించాడు. చాకూ పళ్ళెమూ అడగలేదు. ఒకే మధ్యాహ్నం మా ఇంటి నియమాలు రెండూ పోయాయి. రసం మాత్రం మన దీవి చెరకు కంటే తియ్యగా ఉంది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది.

కాంటా

పొద్దు వాలకముందే మా వంతు వచ్చింది. బండిని తోసి కాంటా పలకల మీద నిలబెట్టి, ఎద్దును విప్పేశారు. లస్మవ్వ జాడ లేదు.

కాంటా దగ్గర తూచే గుమాస్తా, ఒక వృద్ధుడు, నిలబడి ఉన్నాడు. మెడ దాకా గుండీలు పెట్టిన పాత షేర్వాణీ, మోచేతుల దగ్గర జాగ్రత్తగా వేసిన మాసికలు. నా అంత నిటారుగా నిలబడే మనిషిని ఆ దేశంలో చూడటం అదే మొదటిసారి. అందరూ ఆయన్ను మీర్ సాబ్ అంటున్నారు.

"దిగండి జనాబ్. మీ బరువు చెరకుల కలుస్తది" అన్నాడు.

"క్షమించాలి. బండి యజమానురాలు వచ్చేదాకా దిగనని మాట ఇచ్చాను."

"మీరు దిగకుంటె తూకం కాదు."

"నేను దిగితే మాట పోతుంది."

మీర్ సాబ్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. పసుపు వేళ్ళ ముద్ర, టోపీ, చేతిలో కొరికిన చెరకు గడ. "మాట మాటే. తూకం తూకమే. ఇద్దరం ఆగుదాం" అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

నేను పైన, ఆయన కింద. వెనక మైలు పొడవు వరుస ఆగిపోయింది. గోల మొదలైంది.

"అరె, రెండు కంబాల నడుమ ఇరుక్కుంటిమి గదరా!" అని మారుతి నెత్తి కొట్టుకున్నాడు. "మీర్ సాబ్, ఆయన బరువు నేనిస్త. నన్ను కాంటాకు అటు దిక్కు కట్టుండ్రి!"

అప్పుడు దుమ్ములోంచి లస్మవ్వ వచ్చింది. ఒక చేత్తో ఎద్దు తలుగు, ఇంకొక చేత్తో తెగిపోయిన చెప్పు. "అయ్యో, ఇంక మీదనే ఉన్నవా కొడుకా? నేను గిప్పుడే అస్తనంటి, నువ్వు నిజమనుకుంటివా? దిగు, దిగు!"

కాళ్ళు తిమ్మిరెక్కాయి. దిగడం అనలేను. గడలతో పాటు జారి మారుతి మీద పడ్డాను. టోపీ వాడి బండి ముందు దొర్లింది. సోలా టోపీ లోపల ఉండేది ఎండిన నీటిమొక్క బెండు అని మనకు తెలుసు, మారుతి ఎద్దుకూ తెలుసు. మేము లేచి చూసేసరికి తాతగారి టోపీ అంచు సగం దాని నోట్లో ఉంది. ఎవరూ నవ్వలేదు. మీర్ సాబ్ నిలబడి ఉన్నాడు మరి.

ఆయన కాంటా ముందుకు పోయి దండె మీద గుండు జరిపాడు. దండె ఊగి, దాని ముల్లు ఒక అంకె దగ్గర ఆగింది. అంకెను తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, మరాఠీలో ఒకసారి గట్టిగా చదివాడు. తరవాత, "చదువుకున్నోరు, మీరు గూడ సూసి అవ్వకు చెప్పండి" అన్నాడు నాతో.

పొరపాటు రాకూడదన్న శ్రద్ధతో నేను ముందుకు వంగి చదివాను. నా లెక్క ఆయన చదివినదాని కంటే పదిహేను కిలోలు తక్కువ వచ్చింది.

"వంగకండి జనాబ్. వంగినోనికి ముల్లు తప్పు చెప్తది. సక్కగ నిలబడండి."

నిలబడ్డాను. దండె సరిగ్గా నా కంటి ఎత్తుకు వచ్చింది. ముల్లు తన చోటికి పోయింది. పదిహేను కిలోలు తిరిగి వచ్చాయి. అంకె చెప్పగానే లస్మవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

తాతగారు పోట్లాడిన ఆ గుమాస్తా దొంగ కాకపోయి ఉండవచ్చు. వంగి ఉండవచ్చు, అంతే.

బండి పోయాక మీర్ సాబ్‌ను అడిగాను, మీవంటి ఖాందాన్‌కు ఈ పని కష్టంగా లేదా అని. అడగకూడని ప్రశ్నే. ఆయన తప్పుపట్టలేదు.

"మా అబ్బాజాన్ నాకు నేర్పింది ఒక్కటే, దర్బార్ల నిటారుగ నిలబడుడు. దర్బార్ పోయింది, నిలబడుడు మిగిలింది. ఎవ్వలకు పనికొస్తదీ అని చాన ఏండ్లు సోంచాయించిన." కాంటా దండె మీద దుమ్ము తుడిచాడు. "గీడ పనికొచ్చింది."

వెనక నుంచి మారుతి కేక వేశాడు. "సాహెబ్, మీ ముచ్చట అయితే నా బండి తూస్తరా?"

తంతి ఆఫీసు

రెండు రోజుల తరవాత నిజామాబాద్ తంతి ఆఫీసులో నా ముప్ఫై ఐదు మాటల కాగితం తీసి బల్ల మీద పెట్టాను. దాన్ని ఒకసారి చదువుకుని, వెనక్కు తిప్పి, "వస్తున్నాను" అని ఒక్క మాట రాసి ఇచ్చాను. గంగారెడ్డి నా భుజం మీద చెయ్యి వేశాడు.

గుమాస్తా పెన్సిలుతో కాగితం మీద తట్టాడు. "ఒక్క మాటకు, కొన్ని మాటలకు పైసలు గివ్వే సార్. ఇంక రాసుకోవచ్చు."

ఆలోచించి రాశాను. "కాంటా దండెను నా కంటి ఎత్తుకు పెంచి ఉంచండి. ఐదడుగుల ఎనిమిది అంగుళాలు."

గంగారెడ్డి అది చదివి, "గిదీ నువ్వంటే!" అన్నాడు.

మిల్లువాళ్ళు పెంచారు. తాతగారి గుమాస్తా వాడిన పీట తీయించేశాను. కూర్చుని తూచే పని కాదు ఇది. ఇల్లు ఇంకా మాదే. సగం మిగిలిన టోపీ కాంటా గదిలో మేకుకు వేలాడుతోంది. చూసినవాళ్ళు గాలివాన వల్ల అనుకుంటారు, నేను సరిదిద్దను.

ఇది రాస్తున్నది సీజను నడుమ, మధ్యాహ్నం విరామంలో. బయట బండ్ల వరుస ఉంది. తూచేముందు బండి మీదివాళ్ళను దిగమని చెప్పవలసింది నేనే. చెబుతాను. కాని దానికి ముందు, ఎవరికైనా మాట ఇచ్చి ఎక్కారేమో అని ఒకసారి అడుగుతాను.